హేవ్‌లాక్ నుంచి వెనక్కి తెచ్చిన ముప్ఫయి నాలుగు కుర్తీలు

ఫిబ్రవరి 4, బుధవారం. తెల్లవారుజామున అయిదు లోపు అయిన పనులు: మా వీధికి మూడు రోజులకొకసారి వచ్చే కుళాయి నీళ్ళు ఈరోజే వచ్చాయి కాబట్టి ఆరు డ్రమ్ములు, పదకొండు బిందెలు నింపడం, మధ్యాహ్నానికి టమాటా పప్పు, దొండకాయ వేపుడు, రేపటికి దోసెల పిండి, రెండు బకెట్ల బట్టలు ఆరేయడం, మా ఆయన బీపీ మాత్ర పళ్ళెం పక్కన పెట్టి, వేసుకోమని కాగితం మీద రాయడం. కాని పని ఒక్కటే, కోపం తగ్గించుకోవడం. ఈ పోస్టు రాసేటప్పటికి కూడా అది కాలేదు. హేవ్‌లాక్ వెళ్ళాలనుకునేవాళ్ళు బోట్ల వేళలు, ఖర్చుల కోసం ఇది చదవచ్చు, అవన్నీ రాస్తాను. కానీ నేను వెళ్ళింది సముద్రం చూడటానికి కాదు.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో షాదీపూర్. మీ టికెట్ల మీద శ్రీ విజయపురం అనీ, హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ ఉంటుంది. కంగారుపడకండి, పేర్లు మారాయంతే, చోట్లు అవే. నాలుగేళ్ళుగా ఇంటి నుంచే చిన్న బట్టల వ్యాపారం చేస్తున్నాను. విశాఖ షిప్పులో చేనేత నూలు గుడ్డ తెప్పించుకుంటాను. జెట్టీ దగ్గర తాగి పారేసిన కొబ్బరి బోండాల డొక్కలు ఏరి తెచ్చి, కొట్టి, మూడు రోజులు నానబెట్టి, ఉడికించి రంగు తీస్తాను. గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో, తర్వాత పటిక నీళ్ళలో ముంచి ఆ రంగులో వేస్తే లేత గోధుమ రంగు వస్తుంది. తుప్పు పట్టిన మేకుల నీళ్ళు కొంచెం కలిపితే వాన మబ్బు రంగు. ఎండాకాలంలో ఇక్కడ తాగే నీళ్ళకే కటకట. అందుకని రంగు పనంతా వానాకాలంలో, డాబా మీద పడ్డ వాననీళ్ళతోనే. వానలు ఆగాక కుట్టు. అంటే ఒకసారి సరుకు పోతే మళ్ళీ వాన పడేదాకా కొత్తది రాదు. పోయిన వానాకాలం మొత్తం కలిపితే నలభై ఆరు కుర్తీలు వచ్చాయి.

కుట్టేది దాలమ్మ. మా వెనక వీధి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. దాలమ్మ పుట్టింది, పెరిగింది, ఎనిమిది దాకా హిందీ బడిలో చదివింది ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. నలభై ఆరూ హేవ్‌లాక్‌లో అయిదో నంబరు బీచ్ దగ్గర ఒక దుకాణానికి ఇచ్చాం. అమ్ముడుపోతే ఒక్కోదానికి తొమ్మిది వందలు మాకు, అమ్ముడుపోకపోతే సరుకు వెనక్కి, అదీ ఒప్పందం. మా బట్టలు పెట్టుకునే దుకాణం అదొక్కటే. దాని మీదే వచ్చే ఏడు దాలమ్మకు పని ఉంటుందా లేదా అన్నది తేలుతుంది.

నిన్న సాయంత్రం విశాఖపట్నం నుంచి వచ్చి హేవ్‌లాక్‌లో ఉన్న ఒకావిడ ఫోటో పంపింది. నిరుడు మా ఇంటికి వచ్చి కుర్తీ కొనుక్కున్న ఆవిడే. "ఇది మీదే కదండీ, మరి చీటీ ఇలా ఉందేంటి?" అని అడిగింది. కుర్తీ మాదే. నేను కుట్టించిన గుడ్డ చీటీ లేదు. దాని బదులు మందపాటి కాగితం అట్ట, దాని మీద ఒక గుడిసె బొమ్మ, ఒక విల్లు బొమ్మ, కింద ఇంగ్లీషులో రాత. తెలుగులో చెప్పాలంటే: అండమాన్ ఆదివాసీ స్త్రీలు అడవి రంగులతో చేత్తో కుట్టినది. ధర రెండు వేల ఎనిమిది వందలు.

నాకు రాత్రి అన్నం సహించలేదు. దాలమ్మకు ఫోన్ చేసి, పొద్దున్నే బయల్దేరాలి అని మాత్రం చెప్పాను.

షాదీపూర్ నుంచి ఫీనిక్స్ బే జెట్టీకి ఆటో వంద రూపాయలు. మా దగ్గర రెండు పెద్ద గుడ్డ సంచులు, రెండూ ఖాళీ. ఆటో భయ్యా అద్దంలో చూసి నవ్వాడు. "ఖాళీ సంచులతో హేవ్‌లాకా దీదీ? అందరూ నింపుకుని వెళ్తారు."

"మేం నింపుకుని వస్తాం భయ్యా," అన్నాను.

"షాపింగా?"

"కాదు, ఝగడా."

దిగేటప్పుడు చిల్లర లెక్కపెట్టి మరీ ఇచ్చి, "జీత్ కే ఆనా" అన్నాడు, గెలిచి రమ్మని.

ప్రభుత్వ బోటు ఆరు ఇరవైకి. అయిదున్నరకల్లా వరుసలో ఉండాలి, గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. మాకు ద్వీపవాసుల కార్డు ఉంది కాబట్టి టికెట్ చాలా తక్కువ. బయటి నుంచి వచ్చేవాళ్ళకు అంతకు ఎన్నో రెట్లు, అయినా ప్రైవేటు బోటు కన్నా చవకే. ప్రైవేటువి గంటన్నరలో చేరుస్తాయి, ఇది రెండున్నర గంటలు. కానీ దీనికి పైన డెక్ ఉంటుంది, గాలి ఉంటుంది. సీజన్‌లో టికెట్లు తొందరగా అయిపోతాయి, కాబట్టి ముందే తీసుకోండి. కూలీలు సామాను పట్టుకోబోతే ముందే ధర మాట్లాడుకోండి.

డెక్ మీద కూర్చున్నాక దాలమ్మకు ఫోటో చూపించి, రాసింది చదివి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కాసేపు ఫోన్ దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"సేత్తోనా?" అంది.

"అలాగే రాశారు."

"సేత్తో కుట్టినానా? మరి నా మోటార్ మిషను ఏటి సేసినట్టు, కూకుని సూసిందా? ఈ సంక కింద కుట్టు సూడక్కా, గీత గీసినట్టు లేదూ? సేత్తో కుడితే ఇలగొస్తదేటి?"

"దాలమ్మా, నిన్ను ఆదివాసీ అని రాశారు. దాని సంగతి చూడు."

"అదీ సూస్తన్నాను." ఫోన్ నాకు ఇచ్చేసింది. "ఆ ఆదివాసీలున్న అడివి తోవలో మన బస్సే ఆపనివ్వరు, కిటికీ తియ్యనివ్వరు. ఫోటో తీస్తే జైలు. ఆళ్ళ పేరెట్టి గుడ్డలమ్ముకోడానికి మాత్రం ఎవుల్నీ అడగక్కర్లేదేటి? ఆ డబ్బులో ఆళ్ళకో రూపాయి ఎల్తందా?"

నేను రాత్రంతా ఆలోచించింది నా బట్టల గురించే. ఈ మాట నాకు తోచలేదు.

ఎనిమిది యాభైకి దిగాం. హేవ్‌లాక్ జెట్టీ నుంచి అయిదో నంబరు బీచ్‌కి ఆటో నూట యాభై అడుగుతారు. బస్సు చాలా తక్కువ, కానీ దాని కోసం ఎదురుచూడాలి. మాకు ఆ ఓపిక లేదు. దుకాణం రోడ్డు మీదే, వెదురు గోడలు, లోపల ఏసీ. నేను పాత చీర ముక్కల్లో చుట్టి పంపిన కుర్తీలను ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఆకు బొమ్మ ఉన్న కాగితం సంచిలో పెట్టి ఇస్తున్నారు. ఆకు బొమ్మ కింద "ప్రకృతిని ప్రేమించండి" అని ఉంది.

మేనేజరు పేరు రోహిత్. ముప్ఫయి ఉంటాయేమో. మర్యాదగా లేచి నిలబడ్డాడు. అతనితో మాటలన్నీ హిందీలోనే జరిగాయి, తెలుగులో రాస్తున్నాను.

"అరే దీదీ, కూర్చోండి. చెప్పకుండా వచ్చారే? లెమన్ టీ తాగుతారా?"

"ఈ అట్ట ఎవరు పెట్టారు?"

"ఓనరు. బెంగళూరులో అచ్చు వేయించి పంపిస్తారు. నేను జీతగాణ్ణి దీదీ."

"నా చీటీలు ఏవీ?"

సొరుగు తెరిచి చూపించాడు. రబ్బరు బ్యాండు వేసి, అన్నీ ఒక కట్టగా ఉన్నాయి. పారేయలేదని చెప్పడానికి అన్నట్టు, "జాగ్రత్తగానే పెట్టాను," అన్నాడు.

"ఇది కుట్టింది ఈవిడ. మిషను మీద. షాదీపూర్‌లో. అడవి రంగు కాదు, తాగి పారేసిన బోండాల రంగు. ఈ అట్ట మీద ఒక్క నిజం ఉందా?"

"దీదీ, కోపం వద్దు. మీ చీటీతో పదిహేను రోజులు పెట్టాను, రెండే పోయాయి. ఈ అట్ట పెట్టాక వారంలో పది పోయాయి. జనం బట్ట కొనరు దీదీ, కథ కొంటారు. నేనేం చెయ్యను?"

ఇంతలో ఒక జంట లోపలికి వచ్చారు. ఎండ టోపీలు, మెడలో వాటర్‌ప్రూఫ్ ఫోన్ కవర్లు. ఆవిడ సూటిగా మబ్బు రంగు కుర్తీ దగ్గరికి వెళ్ళి అట్ట చదివి, కుర్తీని హ్యాంగర్ నుంచి తీసి చెంపకు ఆనించుకుంది. రోహిత్ నా ముందు నుంచి లేచి వెళ్ళి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: అడవి, ఆకులు, అమ్మమ్మల నుంచి వచ్చిన విద్య. నేను నోరు తెరిచేలోపే దాలమ్మ వైపు చెయ్యి చూపించి, "మీరు అదృష్టవంతులు మేడమ్. దీన్ని చేసినావిడ ఈరోజు ఇక్కడే ఉంది" అన్నాడు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఫోన్ పైకెత్తి, భర్తతో తెలుగులో అంది: "చూడండీ, ఎంత సిగ్గుపడుతోందో పాపం! నైలాన్ చీర కట్టించేశారు వీళ్ళకి కూడా. కొంచెం జరగండి, ఆవిడ ఒక్కతే రావాలి ఫోటోలో."

దాలమ్మ చీర కొంగు సర్దుకుంది. నవ్వుతూనే అంది: "ఏ ఊరమ్మా మీది?"

ఫోన్ కిందికి దిగింది.

"తెలుగా!" అందావిడ.

"తెలుగే. మాది షాదీపూర్. ఈ సొక్కా నానే కుట్టినాను, నా మోటార్ మిషను మీద. మీ కొలతలిస్తే ఇంకోటి కుట్టి ఇస్తాను. సంక దగ్గర లూజు కావాలా తల్లీ?"

ఆవిడ భర్త పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. రోహిత్‌ని అడగలేదు, నన్నూ అడగలేదు, కుర్తీనే చూస్తూ అంది: "అంటే ఇది ట్రైబల్ కాదా? టైలర్ కుట్టిందేనా? అలాంటిది మా హైదరాబాద్‌లో మా సందు చివర టైలర్ కుట్టడూ!" కుర్తీని హ్యాంగర్‌కి కూడా తగిలించకుండా బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

ఈ పోస్టు చదివేవాళ్ళలో ఆవిడ ఉంటే ఉండనీ. అదే కుర్తీ అమ్మా. అదే నూలు, అదే రంగు, అదే కుట్టు. ఒక్క నిమిషం ముందు మీరు దాన్ని చెంపకు ఆనించుకుని చూశారు. మధ్యలో మారిందల్లా ఒక్కటే, కుట్టినావిడ మీలాగా మాట్లాడింది. ఫోటోకి పనికొచ్చే మనిషి కుడితే రెండు వేల ఎనిమిది వందలు, కొలతలు అడిగే మనిషి కుడితే బల్ల మీదికి విసిరెయ్యడం. రోహిత్ మీద కోపంతో రెండున్నర గంటలు సముద్రం మీద వచ్చాను. ఆ క్షణాన అతని కన్నా మీ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది, ఇంకా ఉంది.

"చూశారుగా," అన్నాడు రోహిత్. గొప్పగా ఏమీ అనలేదు, కొంచెం బాధగానే అన్నాడు. "అట్ట ఉండనివ్వండి దీదీ. ఓనరుతో మాట్లాడి మీకు పదకొండు వందలు ఇప్పిస్తాను. వచ్చే ఏడు వంద తీసుకుంటాం. ఇంకో ఇద్దరు టైలర్లకు పని దొరుకుతుంది."

వంద కుర్తీలు. నేను ఆశపడలేదని అబద్ధం చెప్పను. మనసులో గుణించేశాను కూడా. సరుకు తీసుకుపోతే మరో దుకాణం లేదు. ఈ సీజను ఇంకో రెండు నెలలు. నా ఇంటి ముందు గదిలో ఎంతమంది వచ్చి కొంటారు? నాకు మా ఆయన హార్డ్‌వేర్ కొట్టు ఉంది, తిండికి లోటు లేదు. దాలమ్మకు ఆ మిషనే కొట్టు. అందుకని ఆవిడ వైపు చూశాను. నేను తీసుకుపోదామంటే ఆవిడ పనితో నా రోషం తీర్చుకున్నట్టు అవుతుంది.

దాలమ్మ బల్ల మీద పడి ఉన్న కుర్తీ తీసి, మడత సరిచేసింది.

"భయ్యా, కైంచీ ఉందేటి?"

అతను పేకింగ్ కత్తెర ఇచ్చాడు, ఏదో దారం కత్తిరించడానికనుకుని. ఆవిడ మొదటి అట్ట కత్తిరించి బల్ల మీద పెట్టింది. తర్వాత రెండోది. హ్యాంగర్ల వరస అంతా అలాగే, తొందర లేకుండా, కుట్టుకు కత్తెర తగలకుండా.

"దీదీ, ఆపండి, ఓనరు నన్ను తిడతాడు," అన్నాడు రోహిత్.

"నీ అట్టలు నీకే భయ్యా. గిన్ లో, లెక్కెట్టుకో. ఒక్కటీ చింపలేదు." నా వైపు తిరిగి తెలుగులో అంది: "అక్కా, నాను రేపు బజార్లో కూరలు కొంటే ఎవులేనా ఎనక నుంచి ఫోటో తీస్తారేటని సూసుకోవాలా? నాకొద్దు ఈ పని. సంచీ తియ్యి."

ముప్ఫయి నాలుగు. పన్నెండింటి డబ్బు పదివేల ఎనిమిది వందలు ముందే వచ్చేసింది కాబట్టి అతనితో లెక్క లేదు. పుస్తకంలో ఇద్దరం సంతకాలు పెట్టాం. గుడ్డ చీటీల కట్ట అడిగి తీసుకున్నాను. ప్లాస్టిక్ కవర్లు మాత్రం అక్కడే వదిలేశాం. వెళ్ళేటప్పుడు రోహిత్ తలుపు తెరిచి పట్టుకున్నాడు, "టీ తాగలేదు దీదీ," అన్నాడు. ఆ పిల్లాడి మీద నిండుగా కోపం తెచ్చుకోనివ్వని మర్యాద అది. దానికీ కోపం వచ్చింది నాకు.

బోటు సాయంత్రం నాలుగున్నరకు. మధ్యాహ్నం జెట్టీ బజార్లో ఒక బెంగాలీ ఆవిడ నడిపే చిన్న హోటల్లో తిన్నాం. చేపల భోజనం రెండు వందలు, అన్నం ఎంత అడిగితే అంత. చేప పెద్ద ముక్క, ఆవాల పులుసు. ఘాటు ముక్కుకి ఎక్కుతుంది, మజ్జిగ అడిగి పెట్టుకోండి. ఆవిడ సంచుల వంక చూసి, "క్యా మాల్ హై?" అంది. ఒకటి తీసి ఇచ్చాను. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, పైన ఏమీ చూడకుండా లోపలి వైపుకి తిప్పి కుట్టు చూసింది. పక్క కుట్టు, చంక కుట్టు, అంచు మడత.

"పక్కా సిలాయి. కిస్నే కియా?"

"నానే," అంది దాలమ్మ, నోట్లో అన్నంతో.

"ఎంత?"

"పదహారు వందలు," అన్నాను, మా ఇంటి ధర.

"పాగల్ హో క్యా?" అని కుర్తీ తిరిగిచ్చేసి, దాలమ్మ పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

తిరుగు బోటులో జనం తక్కువ. ఇక్కడ పొద్దు తొందరగా వాలుతుంది, అయిదున్నర దాటితే వెలుగు ఉండదు కాబట్టి డెక్ మీద కూర్చోవాలంటే మొదటి గంటే. నేను అట్ట గురించి, ఆ హైదరాబాదు ఆవిడ గురించి ఇంకా తిడుతూనే ఉన్నాను. దాలమ్మ సొరుగులోంచి తెచ్చిన నా చీటీల కట్ట విప్పి, ఒకటి వేళ్ళ మధ్య పెట్టుకుని చూస్తోంది.

"అక్కా, ఓ మాట. కోప్పడకు. దీని మీద ఏటి రాసుంది?"

"మన బ్రాండు పేరు. కింద, కొబ్బరి బోండాల రంగు, వాననీటితో తయారీ."

"బోండం పేరుంది. వాన పేరుంది." చీటీ తిరగేసింది. వెనక ఖాళీ. "నాను లేనేటి?"

ఉద్దేశపూర్వకంగా కాదు అని చెప్పబోయాను, కానీ అది నిజం కాదు. మొదటి ఏడు చీటీ రాయించేటప్పుడు ఆవిడ పేరు వెయ్యాలని తోచింది. పేరు, వీధి వేస్తే ఎవరైనా నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్ళి కుట్టించుకుంటారు, ఇంత మంచి చెయ్యి నాకు దక్కదు అని లెక్క వేసుకుని మానేశాను. బెంగళూరు ఓనరు నా చీటీ తీసేసి తన కథ పెట్టుకున్నాడు. నేను అసలు ఖాళీగానే వదిలేశాను కాబట్టి అతనికి సులువైంది. ఉన్న మనిషి పేరు ఉంటే లేని మనిషిని అక్కడ నిలబెట్టడం అంత తేలిక కాదు.

ఇదంతా ఆవిడతో చెప్పేశాను. దాలమ్మ సముద్రం వైపు చూసి, "నాకు తెలుసు," అంది. "నాలుగేళ్ళూ సూస్తన్నాను, అక్కే ఎప్పుడో ఏస్తాదిలే అని."

హ్యాండ్‌బ్యాగులో సైజులు రాసే పెన్ను ఉంది, ఉతికినా పోదు. చీటీ తీసుకుని తెలుగులో రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"హిందీలో. నాను సదువుకోవాల కదా. ఇటియ్యి, నానే రాస్తాను."

నేను గుడ్డ చీటీని మోకాలి మీద బిగించి పట్టుకున్నాను, ఆవిడ రాసింది. బోటు ఊపుకి మొదటి నాలుగైదు వంకర వచ్చాయి. తర్వాత అలకు అలకు మధ్య ఆగి రాయడం పట్టుబడింది. దాలమ్మ, షాదీపూర్. ఊరు నేను చెప్పలేదు, తనే కలిపింది. వెలుగు పోయేసరికి పంతొమ్మిది అయ్యాయి. మిగతావి లోపల, క్యాంటీన్ దీపం కింద. ఏడు గంటలకు ఫీనిక్స్ బేలో దిగేటప్పటికి ముప్ఫయి నాలుగు కుర్తీలకూ చీటీలు అయిపోయాయి. రేపటి నుంచి ఆవిడ వాటిని మళ్ళీ కుట్టాలి, దానికి కూలి వేరే.

"మరి వొచ్చే వానకి?" అని అడిగింది ఆటో ఎక్కేటప్పుడు. ఎన్ని రంగు వేస్తానో నాకు తెలియదన్నాను. ఇవి పోయినదాన్ని బట్టి అన్నాను. "సరే," అంది. ఇద్దరికీ భయంగానే ఉంది.

నేను ప్రకృతిని కాపాడే బట్టలు చేస్తున్నానని నాలుగేళ్ళుగా చెప్పుకున్నాను. ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎన్ని బోండాలు, ఎన్ని మేకులు, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. మనిషిని మాత్రం సూది, దారం లెక్కలో కలిపేశాను. ఇంత దూరం వచ్చి, ఈ ద్వీపాల్లో ఎవరో అడవి మనుషులు మీ కోసం ఏదో కుడుతున్నారని ఊహించుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే. వాళ్ళను వాళ్ళ మానాన ఉండనివ్వండి. మీ బట్ట కుట్టింది మూడు రోజులకొకసారి నీళ్ళు పట్టుకునే ఒక మామూలు ఆడమనిషి. అది మీకు చాలకపోతే కొనకండి.

ఒక సలహా: బట్ట కొనేముందు అట్ట చదవకండి. లోపలి వైపుకి తిప్పి కుట్టు చూసి, ఇది ఎవరు కుట్టారు, ఏ వీధి అని అడగండి. అమ్మేవాళ్ళు ఒక మనిషి పేరు చెప్పలేకపోతే అక్కడే పెట్టి బయటికి రండి.

ఈరోజు పుస్తకంలో చివరి పద్దు. అమ్ముడుపోయిన పన్నెండింటి మీద ఇక ఆవిడ పేరు రాయలేను. దాలమ్మకు నేను ఇవ్వాల్సిన మిగతా బాకీ, ముప్ఫయి నాలుగు పేర్లు: చెల్లు.